పోయిన పళ్ళ చోట: నిర్ణయం త్వరగా, పని నిదానంగా

నిన్న రాత్రి అన్నం ఏ వైపు నమిలారు? ఆలోచించకుండానే ‘కుడివైపు’ అనో ‘ఎడమవైపు’ అనో జవాబొచ్చేసిందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. పళ్ళన్నీ సరిగ్గా ఉన్నవాళ్ళు ఏ వైపు నములుతున్నామో పట్టించుకోరు. ఒక పక్క రెండు మూడు దవడపళ్ళు పోయినవాళ్ళకి మాత్రం ముద్ద నోట్లో పడగానే అదెటు వెళ్ళాలో నాలుకకి తెలుసు.

పన్ను పీకించుకున్న రోజు మనలో చాలామంది అనుకునేది ఒక్కటే: ‘నొప్పి పోయింది, చాలు.’ వెనకపళ్ళు కదా, బయటికి కనపడవు. రెండోవైపు పళ్ళున్నాయి కదా, కడుపు నిండుతుంది. అలా ఏళ్ళు గడిచిపోతాయి. మొదట జంతికలు మానేస్తారు. తర్వాత మటన్ ముక్క పక్కకి పెట్టి పులుసు పోసుకుంటారు. పండక్కి సకినాలు చేస్తే ‘నాకొద్దులే, పిల్లలకి పెట్టండి’ అంటారు. అసలు కారణం ఇంట్లోవాళ్ళు అడగరు, మీరూ చెప్పరు.

ఆ ఖాళీ మాత్రం ఊరికే ఉండదు. పంటి వేరు ఉన్నంతకాలం నమిలిన ప్రతిసారీ దవడ ఎముకకి ఒత్తిడి అందుతుంది. ఆ ఒత్తిడి వల్లే ఎముక నిలబడుతుంది. వేరు పోయాక అది కరగడం మొదలవుతుంది. తొలి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోవచ్చు. పక్కపళ్ళు ఖాళీలోకి వాలతాయి. పైదవడ పన్నుకి కింద ఆనుకోవడానికి ఏమీ లేక అది మెల్లగా కిందికి దిగుతుంది. ఐదారేళ్ళ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి రెండు పళ్ళ సమస్య కాస్తా ఐదు పళ్ళ సమస్య అయి కూర్చుంటుంది.

నేను మళ్ళీ మళ్ళీ చూసే పొరపాటు ఇది: నిర్ణయం తీసుకోవడానికి ఏళ్ళు పడుతుంది, తీసుకున్నాక పని మాత్రం పదిరోజుల్లో అయిపోవాలి. ఈ వరస తిరగెయ్యండి. నిర్ణయం త్వరగా తీసుకోండి, పని నిదానంగా జరగనివ్వండి. ఇంప్లాంట్ బ్రిడ్జి విషయంలో మంచి ఫలితం, చెడ్డ ఫలితం చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

అసలు ఇంప్లాంట్ బ్రిడ్జి అంటే ఏమిటి?

మామూలు బ్రిడ్జి మీకు తెలిసిందే. పోయిన పన్నుకి అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి, వాటికి క్యాపులు వేసి, మధ్యలో కొత్త పన్ను నిలబెడతారు. బరువంతా ఆ పక్కపళ్ళే మోస్తాయి. ఇంప్లాంట్ బ్రిడ్జిలో పక్కపళ్ళ జోలికి వెళ్ళరు. దవడ ఎముకలో టైటానియం స్క్రూలు పెట్టి, అవి ఎముకతో అతుక్కున్నాక వాటిమీద బ్రిడ్జి బిగిస్తారు. వరసగా మూడు పళ్ళు పోతే మూడు స్క్రూలు పెట్టక్కర్లేదు, సాధారణంగా రెండు చాలు. నాలుగు పోతే రెండో మూడో పడతాయి. దవడ మొత్తం ఖాళీ అయితే 4 నుంచి 6 పెట్టి, పైన పళ్ళ వరసంతా బిగిస్తారు.

టైటానియం ఎముకతో ఇంత గట్టిగా అతుక్కుంటుందన్న సంగతి 1952లో స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రేనెమార్క్ ప్రయోగాల్లో బయటపడింది. కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తిరిగి తీద్దామంటే ఊడి రాలేదు. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో తొలిసారి ఇలాంటి టైటానియం ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన 2006లో కన్నుమూసేదాకా, అంటే నలభై ఏళ్ళు, అవి పనిచేస్తూనే ఉన్నాయి. ‘కొత్త వైద్యం, ఎలా ఉంటుందో ఏమో’ అని వెనకాడేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి అందరికీ ఇదే కావాలా? అక్కర్లేదు. పోయిన పన్నుకి రెండు పక్కలా ఉన్న పళ్ళకి ఇప్పటికే క్యాపులుంటే మామూలు బ్రిడ్జే తెలివైన పని. పళ్ళన్నీ పోయిన పెద్దవాళ్ళకి దవడ మొత్తానికీ ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టించే స్తోమత లేకపోతే, కింది దవడలో రెండే ఇంప్లాంట్లు పెట్టి వాటికి పళ్ళసెట్టు తగిలించే పద్ధతి ఉంది. కింది సెట్టు కదిలిపోతూ విసిగిస్తున్నవాళ్ళకి అది పెద్ద ఊరట. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు అలాంటివాళ్ళకి మొదట సూచించాల్సింది అదేనని తేల్చారు. ఖరీదైనదే మంచిదన్న లెక్క నోటి విషయంలో పనికిరాదు.

ఇక మీరు చేయాల్సినవి చూద్దాం.

1. పన్ను పీకే ముందే తర్వాతి సంగతి అడగండి

‘ఈ పన్ను నిలవదు, తీసెయ్యాలి’ అని డాక్టరు అనగానే మన నోటివెంట వచ్చే ప్రశ్న ‘నొప్పెడుతుందా?’ దాంతోపాటు ఇంకొకటి అడగండి: ‘డాక్టరు గారూ, దీని చోట ఏం పెడదాం?’ పన్ను తీసిన గుంటలో అప్పుడే ఎముకపొడి నింపి, ఎముక కరగడాన్ని తగ్గించవచ్చు. కొందరికి పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టే వీలు కూడా ఉంటుంది. మీరు అడిగితేనే ఆ మాట వస్తుంది.

ఇప్పటికే ఏళ్ళు గడిచిపోయాయా? నిరుత్సాహపడకండి. ఎముక తగ్గిన చోట ఎముకపొడి వేసి పెంచుతారు. పై దవడపళ్ళ మీద ఉండే సైనస్ గది కిందికి దిగి ఉంటే దాని పొరని పైకి లేపి చోటు చేస్తారు. ఖర్చూ సమయమూ పెరుగుతాయి, అంతే. ‘ఇన్నాళ్ళూ ఏం చేశావని తిడతారేమో’ అన్న జంకుతో ఇంకో ఏడాది పోగొట్టుకోకండి.

పైపళ్ళు కదిలిస్తే కంటిచూపు పోతుందని ఇప్పటికీ చాలామంది భయపడతారు. పైపళ్ళకి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. ఆ భయం ఇక్కడే వదిలేయండి.

2. పళ్ళు ఎందుకు పోయాయో ముందు తేల్చుకోండి

పుచ్చిపోయి పోయాయా, దెబ్బ తగిలి పోయాయా, వదులై ఊడిపోయాయా? మూడోదైతే జాగ్రత్త. బ్రష్ చేస్తుంటే రక్తం రావడం, పళ్ళు కదలడం, నోరు వాసన రావడం చిగుళ్ళ జబ్బు లక్షణాలు. ఆ జబ్బు మిగిలిన పళ్ళ దగ్గర అలాగే ఉండగా పక్కన ఇంప్లాంట్ పెడితే, అది పళ్ళని ఊడగొట్టినట్టే ఇంప్లాంట్‌నీ ఊడగొడుతుంది. ఇంప్లాంట్‌కి పుచ్చు రాదు. దాని చుట్టూ చిగురుకి, ఎముకకి మాత్రం జబ్బు వస్తుంది.

అందుకని ముందు క్లీనింగ్, చిగుళ్ళ చికిత్స పూర్తికావాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న మాట మీ వీధిలోనూ వినే ఉంటారు. జబ్బు వల్ల అప్పటికే వదులైన పళ్ళని గార పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఆ వదులు బయటపడుతుంది. క్లీనింగ్ దాన్ని పుట్టించలేదు.

3. ఒంట్లో ఉన్నవేవీ దాచకండి

‘ఏమండీ, డాక్టరు గారికి చుట్ట సంగతి చెప్పారా?’ అని భార్య అడిగితే, ‘పళ్ళకీ దానికీ ఏం సంబంధమే’ అని కొట్టిపారేసే పెద్దాయన మీకు తెలిసే ఉంటారు. సంబంధం ఉంది. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలని ఇరుకు చేస్తుంది. రక్తం సరిగ్గా అందని ఎముక టైటానియంతో సరిగ్గా అతుక్కోదు. సిగరెట్, బీడీ, చుట్ట, ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, గుట్కా, ఖైనీ, ఏ రూపంలో ఉన్నా చెప్పాల్సిందే. కనీసం ఆపరేషన్‌కి వారం ముందు నుంచి ఆ తర్వాత రెండు నెలలదాకా ముట్టుకోకూడదు. రెండు నెలలు మానగలిగినవాళ్ళు ఆ తర్వాతా మానగలరు. అదే సందర్భంగా తీసుకోండి.

షుగరు ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్లు పనికిరావనుకోకండి. అదుపులో లేని షుగరుతోనే తంటా. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కాగితం వెంట తీసుకెళ్ళండి. అది 7 దగ్గర్లో ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళవచ్చు. 8 దాటితే చాలామంది డాక్టర్లు ముందు షుగరుని దారికి తెచ్చుకుని రమ్మంటారు. అలా అన్న డాక్టరుని నమ్మండి.

గుండెకి స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతున్నారా? ‘రక్తం ఆగదేమో’ అని మీ అంతట మీరు మానేయకండి, ప్రాణం మీదికొస్తుంది. గుండె డాక్టరు, పళ్ళ డాక్టరు మాట్లాడుకుని చెప్పినట్టే చేయండి.

ఇంకో మందు గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చెప్పడం దాదాపు అందరూ మర్చిపోతారు. ఎముకలు గుల్లబారకుండా అమ్మకో అత్తగారికో వారానికోసారి అలెండ్రోనేట్ మాత్ర ఇస్తుంటారు, లేదా ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లో ఎక్కిస్తుంటారు. మోకాళ్ళ డాక్టరు రాసిన మందు కాబట్టి పళ్ళ డాక్టరుకి చెప్పాలని తోచదు. ఈ మందులు వాడినవాళ్ళలో కొందరికి దవడలో చేసిన గాయం మానక ఎముక బయటపడే ప్రమాదం ఉంది. క్యాన్సర్‌కి పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్ళకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దవడకి రేడియేషన్ తీసుకున్నవాళ్ళు కూడా ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. వాడుతున్న మందుల పెట్టె మొత్తం సంచిలో వేసుకుని వెళ్ళండి, పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనుండదు.

4. స్కాన్ మీ కళ్ళకి చూపించమనండి

మామూలుగా తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది, మందం తెలియదు. దానికి సీబీసీటీ స్కాన్ కావాలి. అది దవడని పొరలు పొరలుగా చూపిస్తుంది. డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మీ కుర్చీ పక్కకి లాక్కోండి. కింది దవడలో చిన్న నల్లటి గుండ్రం కనిపిస్తుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళ్ళే దారి అది. చాలామంది డాక్టర్లు దాన్ని రంగుగీతతో గుర్తుపెట్టి, పైన స్క్రూ బొమ్మ ఉంచి చూపిస్తారు.

అప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. ‘స్క్రూ కొసకీ నరానికీ మధ్య ఎంత దూరం ఉంటుంది?’ కనీసం 2 మిల్లీమీటర్లు వదలడం పద్ధతి. నరానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది. ‘ఎముక వెడల్పు ఎంతుంది?’ 4 మిల్లీమీటర్ల స్క్రూకి దాదాపు 6 మిల్లీమీటర్ల ఎముక కావాలి. లేకపోతే ముందు ఎముక పెంచాలి. ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే మీ సగం భయం అక్కడే తీరిపోతుంది. స్కాన్ లేకుండానే తేదీ ఇచ్చేస్తే ఇంకో డాక్టరుని కూడా చూడండి.

5. బ్రిడ్జి ఎలా కడతారో తెలుసుకోండి

ఒక కొస ఇంప్లాంట్ మీద, ఇంకో కొస మీ సొంత పన్ను మీద ఉండేలా బ్రిడ్జి వేస్తామంటే ఎందుకని అడగండి. సొంత పంటి చుట్టూ సన్నని పొర ఉంటుంది, నమిలినప్పుడు పన్ను అందులో కొద్దిగా కదులుతుంది. ఇంప్లాంట్ కదలదు. రెంటినీ కలిపి బిగిస్తే బరువు సమంగా పడదు. తప్పనిసరైతే తప్ప మంచి డాక్టర్లు అలా చేయరు.

బ్రిడ్జిని స్క్రూతో బిగిస్తారా, సిమెంటుతో అతికిస్తారా? వీలున్న చోట స్క్రూనే అడగమని నా సలహా. ఎప్పుడైనా రిపేరు వస్తే విప్పి మళ్ళీ బిగించవచ్చు. సిమెంటు అయితే చిగురు కింద మిగిలిపోయిన చిన్న ముక్క కూడా జబ్బుకి దారి తీస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట: ‘బ్రిడ్జి కింద బ్రష్ దూరే సందు ఉంచుతారా?’ ఇది కొలతలు తీసే ముందే అడగాల్సిన ప్రశ్న. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే అదీ చెప్పండి, పడుకునేటప్పుడు పెట్టుకునే గార్డు చేసిస్తారు.

6. ఖర్చు మొత్తం కాగితం మీద రాయించుకోండి

మన ఊళ్ళలో ఒక్కో ఇంప్లాంట్‌కి సుమారు రూ. 20,000 నుంచి రూ. 50,000 దాకా, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ అడుగుతారు. అసలు పేచీ ఎక్కడొస్తుందంటే, ఆ చెప్పిన ధర స్క్రూకి మాత్రమేనా, పైన పన్నుకి కూడానా అన్నది మనం అడగం. స్కాన్, ఎముకపొడి, స్క్రూ, మధ్యలో బిగించే ముక్క, తాత్కాలిక పళ్ళు, అసలు బ్రిడ్జి అన్నీ విడివిడిగా రాయించండి. ఇంప్లాంట్ అతుక్కోకపోతే మళ్ళీ పెట్టడానికి డబ్బు తీసుకుంటారా లేదా అన్నది కూడా.

మామూలు ఆరోగ్య బీమా సాధారణంగా ప్రమాదంలో పోయిన పళ్ళకి తప్ప దీనికి డబ్బివ్వదు. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, ప్రైవేటువీ చాలా ఉన్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ళముందు చేస్తారు కాబట్టి తిరగడం ఎక్కువ, ఖర్చు తక్కువ. ఓపీకి వెళ్ళి అక్కడ ఏం చేస్తారో కనుక్కోండి.

‘గంటలో ఫిక్స్‌డ్ పళ్ళు’ అన్న బోర్డు చూసి మాత్రం లోపలికి వెళ్ళకండి. డిగ్రీ లేనివాళ్ళు చిగురు మీదే అక్రిలిక్ ముద్ద పెట్టి పక్కపళ్ళకి అతికించేస్తారు. ఆ ముద్ద కింద అన్నం మెతుకులు కుళ్ళి, చిగురు వాచి, బాగున్న పక్కపళ్ళు కూడా కదిలిపోతాయి. బీడీఎస్ లేదా ఎండీఎస్ చదివి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్ళ దగ్గరే నోరు తెరవండి.

7. ముహూర్తాలకీ సెలవులకీ ముడిపెట్టకండి

డాలస్ నుంచి కూతురు ఫోన్ చేస్తుంది: ‘నాన్నా, నేను డిసెంబర్‌లో మూడు వారాలు వస్తున్నా. అప్పుడు దగ్గరుండి నీ పళ్ళు పూర్తిగా చేయించేస్తా.’ ప్రేమతో అన్న మాటే. మూడు వారాల్లో సాధారణంగా అది పూర్తికాదు. స్క్రూ పెట్టాక ఎముక దాన్ని పట్టుకోవడానికి కింది దవడలో మూడు నాలుగు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎముక పెంచాల్సి వస్తే ఇంకాస్త. స్లాబు వేసిన మర్నాడే సెంట్రింగ్ విప్పేస్తామా?

అందుకని కూతురితో ఇలా చెప్పండి: ‘అమ్మా, స్కాన్, చిగుళ్ళ చికిత్స ఇప్పుడే చేయించుకుంటా. స్క్రూలు నువ్వున్నప్పుడు పెట్టించుకుంటా. బ్రిడ్జి నువ్వు వేసవికి వచ్చినప్పుడు.’ ఇంట్లో పెళ్ళుంటే ఫొటోల కోసం తాత్కాలిక పళ్ళు ఇస్తారు, వాటితో నవ్వండి, వాటితో చేగోడీలు మాత్రం కొరకకండి. కొందరికి అదే రోజు ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టే పద్ధతి ఉన్నా, ఎముక గట్టిగా ఉండి స్క్రూ మొదట్లోనే బాగా పట్టినవాళ్ళకే అది కుదురుతుంది. అవి కూడా చాలావరకు తాత్కాలిక పళ్ళే. అసలువి నెలల తర్వాత వేస్తారు.

8. ఆపరేషన్ తర్వాత తొలి వారం

మత్తుసూది ఇస్తారు కాబట్టి చేసేటప్పుడు కదలిక, ఒత్తిడి తెలుస్తాయి, నొప్పి తెలియదు. మొదటి రోజు బుగ్గ మీద ఐసు పెట్టండి. గట్టిగా పుక్కిలించకండి, ఉమ్మకండి, స్ట్రాతో తాగకండి. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం తినండి. కారం, వేడి వద్దు. రెండో రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా నోట్లో తిప్పి వదిలేయండి. రెండు మూడు రోజులు వాపు పెరగడం మామూలే. నాలుగో రోజు తర్వాత కూడా పెరుగుతుంటే, జ్వరం వస్తే, మత్తు దిగాక కూడా పెదవి మొద్దుబారి ఉంటే వెంటనే ఫోన్ చేయండి. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి.

9. బ్రిడ్జి కింద శుభ్రం చేయడం నేర్చుకోండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలుస్తున్నాయి, ఆ లెక్కలో మీరుండాలంటే ఈ పని రోజూ జరగాలి. మామూలు బ్రష్ బ్రిడ్జి పైభాగాన్నే తుడుస్తుంది. కింద, చిగురుకీ బ్రిడ్జికీ మధ్య చేరింది అలాగే ఉండిపోతుంది. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు దాన్ని తాకను కూడా తాకవు.

మందుల షాపులో సూపర్‌ఫ్లాస్ అని అడగండి. ఆ దారం ఒక కొస బిరుసుగా ఉంటుంది, మధ్యలో మెత్తగా నురగలా ఉబ్బి ఉంటుంది. అద్దం ముందు నిలబడి బిరుసు కొసని బుగ్గ వైపు నుంచి బ్రిడ్జి కింద దూర్చండి. నాలుక వైపు నుంచి పట్టుకుని లాగండి. మెత్తటి భాగం కిందికి వచ్చాక రెండు కొసలూ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఐదారు సార్లు తిప్పండి. స్క్రూ చుట్టూ కూడా అలాగే. బయటికి తీసి వాసన చూడండి. వాసన వస్తుంటే ఇంకా మురికి ఉన్నట్టే, ఇంకోసారి చేయండి. మొదటి వారం చేతికి కుదరదు, విసుగొస్తుంది. రెండో వారానికి రెండు నిమిషాల పని అవుతుంది. వేళ్ళు వణికే పెద్దవాళ్ళకి సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ కానీ, నీళ్ళు చిమ్మే వాటర్ ఫ్లాసర్ కానీ తేలిక. రాత్రి పడుకునే ముందు తప్పనిసరి.

ఆర్నెల్లకోసారి డాక్టరుకి చూపించుకోండి. ఇంప్లాంట్ చుట్టూ జబ్బు మొదలైనా చాలాకాలం నొప్పి ఉండదు. అందుకే ‘ఏం ఇబ్బంది లేదు, ఎందుకెళ్ళడం’ అనుకోకండి. చిగురు ఎర్రబడినా, దారానికి రక్తం అంటినా ఆర్నెల్లదాకా ఆగకుండా వెళ్ళండి.

10. కార్డు దాచుకోండి

ఇంప్లాంట్ పెట్టిన రోజే కంపెనీ పేరు, స్క్రూ సైజు, లాట్ నంబరు ఉన్న కార్డు కానీ స్టిక్కర్ కానీ అడిగి తీసుకోండి. ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ పనిముట్లు సాధారణంగా సరిపోవు. పిల్లల దగ్గరికి అమెరికానో ఆస్ట్రేలియానో వెళ్ళినప్పుడు అక్కడ బ్రిడ్జి వదులైతే, ఆ డాక్టరు మొదట అడిగేది ఇదే. కార్డు ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి వాట్సాప్‌లో పంపి ఉంచండి.

బ్రిడ్జి కదులుతున్నట్టు అనిపిస్తే కంగారుపడకండి. చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది, డాక్టరు దాన్ని మళ్ళీ బిగిస్తారు. అలాగని వదిలేసి నమిలితే ఆ స్క్రూ లోపలే విరిగిపోవచ్చు. ఆ వైపు నమలడం ఆపి, ఒకట్రెండు రోజుల్లో వెళ్ళండి. పూర్తిగా ఊడి చేతికొస్తే కడిగి చిన్న డబ్బాలో వేసి పట్టుకెళ్ళండి. ఫెవిక్విక్‌తో అతికించే ప్రయత్నం మాత్రం చేయకండి.